డ్రిల్లు మేష్టారి ఇల్లు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఉద్యోగ జీవితం గురించి, కుటుంబ జీవితం గురించి చరిత్రలాగా ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు కోరారు. నేను ముప్ఫయి అయిదేళ్లపాటు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి 2004లో పదవీ విరమణ చేసినవాణ్ణి. చరిత్ర అన్నారు కదా అని మా పిల్లలు గెలిచిన కప్పులూ, షీల్డులూ, ఆ సంవత్సరాలూ వరుసగా వేసి మొదట ఆరు పేజీలు రాశాను. రాసినది మా ఇంటావిడకు చదివి వినిపించాను. ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ అంతా విన్నది. "బాగానే ఉందండీ. ఇందులో మనిల్లు ఎక్కడుంది?" అంది.

ఆ ఆరు పేజీలూ పక్కన పెట్టి ఇది మళ్లీ రాస్తున్నాను. పాఠక మిత్రులు ఓపికగా చదవాలని మనవి.

డ్రిల్లు అనే మాట

మా ఉద్యోగానికి సర్వీసు రిజిస్టరులో పేరు వ్యాయామోపాధ్యాయుడు. ఊళ్లో పేరు డ్రిల్లు మేష్టారు. ఈ రెండో పేరుకు వెనక పెద్ద కథే ఉంది. బ్రిటిషు వారి కాలంలో సైన్యంలో పనిచేసి పెన్షను పుచ్చుకుని వచ్చినవారిని బడుల్లో పెట్టి పిల్లలచేత కవాతు చేయించేవారు. అటెన్షన్, స్టాండ్ ఎట్ ఈజ్, లెఫ్ట్ రైట్ అనేవి ఆ దారినే బడిలోకి వచ్చాయి. అందుకే అది డ్రిల్లయింది, చెప్పేవాడు డ్రిల్లు మేష్టారయ్యాడు.

1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల మొదలైంది. దాన్ని ప్రారంభించినవారు అమెరికా నుంచి వచ్చిన హారీ క్రో బక్. 1924లో పారిస్ ఒలింపిక్ పోటీలకు వెళ్లిన మన దేశపు జట్టుకు మేనేజరు కూడా ఆయనే. వ్యాయామం అంటే కవాతు ఒక్కటే కాదు, ఆటలు, ఒంటి శుభ్రత, కలిసి మెలిసి ఉండడం అన్నీ అందులోవే అన్న పద్ధతి దక్షిణాదిలో ఆ కళాశాలతో బలపడింది. మన కోస్తా జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలో ఉండేవి కాబట్టి అక్కడ శిక్షణ పొందినవారు మన బడులకూ వచ్చారు.

అంతకు ముందే మా ఉత్తరాంధ్రకు మరో గొప్ప డ్రిల్లు మేష్టారుండేవారు. ఆయనే కోడి రామమూర్తి నాయుడు గారు. 1882లో వీరఘట్టంలో పుట్టారు. మద్రాసు వెళ్లి వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో తాము చదివిన బడిలోనే వ్యాయామోపాధ్యాయుడిగా చేరారు. తర్వాత సర్కసు కంపెనీ పెట్టి దేశదేశాలు తిరిగి కలియుగ భీముడు అనిపించుకున్నారు. ఛాతీకి కట్టిన గొలుసును ఊపిరి బిగించి తెంపేవారనీ, రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకునేవారనీ మా చిన్నప్పుడు ప్రతి అరుగు మీదా చెప్పుకునేవారు. 'భీముడు కూడా మొదట డ్రిల్లు మేష్టారేరా' అని మా నాన్నగారు నవ్వుతూ అన్న మాటే నన్నీ ఉద్యోగానికి తోసిందేమో!

స్వాతంత్ర్యం తర్వాత డ్రిల్లు మళ్లీ కొంత రూపు మార్చుకుంది. దేశ విభజనలో నిరాశ్రయులై వచ్చిన పిల్లల కోసం 1954లో జాతీయ క్రమశిక్షణ పథకం మొదలైంది. నడిపినవారు ఆజాద్ హింద్ ఫౌజులో పనిచేసిన జనరల్ జె.కె. భోంస్లే. ఆ పథకం తర్వాత మామూలు బడులకూ పాకింది. 1965లో దాన్నీ మిగతా వాటినీ కలిపి జాతీయ ఫిట్‌నెస్ కోర్ అన్నారు. వీటి మూలంగానూ, ఎన్.సి.సి. మూలంగానూ సావధాన్, విశ్రామ్ అనే హిందీ ఆజ్ఞలు మైదానంలోకి వచ్చాయి. నేను ఉద్యోగంలో చేరేనాటికి మా బడిలో ఒక మేష్టారు ఇంగ్లీషులో, ఒకరు హిందీలో, నేను తెలుగులో చెప్పేవాళ్లం. పిల్లలు మాత్రం అన్నిటికీ ఒకేలాగ కదిలేవారు. వాళ్లు వినేది మాట కాదు, విజిలు!

దోమలగూడ రోజులు

నేను 1967-68లో హైదరాబాదు దోమలగూడలోని ప్రభుత్వ వ్యాయామ విద్యా కళాశాలలో శిక్షణ పొందాను. మా ఊరి నుంచి రైలెక్కి అంత దూరం వెళ్లడం అదే మొదలు. తెల్లవారుజామున ట్యాంకుబండు మీద పరుగు, తర్వాత మైదానం, మధ్యాహ్నం శరీర నిర్మాణ శాస్త్రం, సాయంత్రం మళ్లీ మైదానం. రాత్రి హాస్టలులో కబుర్లన్నీ రహీం సాబు గురించే.

సయ్యద్ అబ్దుల్ రహీం గారి పేరు ఈనాటి వారికి 2024లో వచ్చిన హిందీ సినిమా వల్ల తెలిసింది గాని, అప్పట్లో హైదరాబాదులో ఆయన పేరు తెలియని ఆటగాడు లేడు. ఆయన మొదట బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పిల్లలకు పాఠాలు చెప్పినవారు. 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టుకు కోచిగా ఉన్నారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టు ఆయన చేతి కింద 1951లో ఢిల్లీలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించి మళ్లీ స్వర్ణం తెచ్చింది.

ఆయన పద్ధతుల్లో ఒకటి నేను నా సర్వీసంతా వాడాను. బలమైన కాలిని వాడనివ్వకుండా బలహీనమైన కాలితోనే ఆడించడం! కుడికాలి వాటం పిల్లాడికి ఎడమకాలితోనే బంతి తన్నమంటే మొదట ఏడుపు ముఖం పెడతాడు. నెల తిరిగేసరికి వాడికి రెండు కాళ్లు వస్తాయి.

అయితే హాస్టలు కబుర్లలో మేము ఎక్కువగా చెప్పుకున్నది ఈ పద్ధతి గురించి కాదు. జకార్తాలో ఉన్నప్పటికే ఆయనకు క్యాన్సరు. ఆ జబ్బుతోనే జట్టును గెలిపించుకొచ్చి, మరుసటి ఏడు 1963 జూన్ 11న కన్నుమూశారు. ఇరవై రెండేళ్ల వయసులో ఆ కథలోంచి నేను ఒక్క సంగతే పట్టుకున్నాను: 'ఒంట్లో ఏమున్నా, ఇంట్లో ఏమున్నా, మేష్టారు టోర్నమెంటు వదలకూడదు.' ఇది ఆ మహానుభావుడు ఎవరికీ చెప్పిన మాట కాదు. నాకు నేను చెప్పుకున్నది. దాని ఖరీదు తర్వాత మనవి చేస్తాను.

మంచం కింద నెట్లు, దండెం మీద బ్లాడర్లు

1969లో ఉద్యోగంలో చేరాను. 1959లో జిల్లా బోర్డులు పోయి జిల్లా పరిషత్తులు వచ్చాయి గదా, కాని మా ఊళ్లో పెద్దవాళ్లు ఇంకా 'బోర్డు స్కూలు' అనే అనేవారు. 1971లో పెళ్లయింది. బడి వెనకే ఒక పెంకుటింట్లో రెండు గదుల వాటా అద్దెకు తీసుకున్నాం.

బడిలో ఆట సామాన్లు పెట్టే గదికి తలుపు ఉండేది గాని తాళం నిలిచేది కాదు. అందుకని సామానంతా మా ఇంటికి చేరింది. వాలీబాల్ నెట్లు మంచం కింద. మైదానంలో గీతలు గీయడానికి సున్నం బస్తా వంటింటి మూల. తోలు బంతుల లోపలి బ్లాడర్లు పంక్చరయితే అతుకు వేసి దండెం మీద ఆరేసేవాళ్లం, పిల్లల లంగోటీల పక్కన. మా అత్తగారు మొదటిసారి వచ్చినప్పుడు అవేమిటో తెలియక నాలుగు రోజులు దండెం వంక చూడకుండా తిరిగారు.

1972లో అమ్మాయి పుట్టింది. ఆ ఏడాది చివర్నే జై ఆంధ్ర ఉద్యమం, ఉద్యోగుల సమ్మె. నెలల తరబడి జీతాలు లేని ఆ కాలం మన సంఘంలో పెద్దలందరికీ గుర్తే. బాలింతకు పాలు కావాలి. మా ఇంటావిడ మెడలో గొలుసు తీసి నా చేతిలో పెట్టి, "తాకట్టే గదండీ, అమ్మకం కాదు" అంది. ఆ గొలుసు విడిపించడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లలోనే మా బడి చెడుగుడు జట్టు రెండుసార్లు జిల్లా స్థాయికి వెళ్లింది. రెండోది నా ఆరు పేజీల్లో ఉంది. మొదటిది లేదు.

టోర్నమెంటు వస్తే దూరపు పల్లెల పిల్లలు తెల్లవారుజాము బస్సుకు అందుకోలేరు. ముందు రాత్రే వచ్చి మా అరుగు మీద పడుకునేవారు. ఎనిమిది మంది, ఒక్కోసారి పన్నెండు మంది. నాలుగింటికి మా ఆవిడ లేచి పొయ్యి రాజేసేది. చోడి అంబలి, వేయించిన వేరుశనగ పలుకులు, బెల్లం ముక్క. నెల మొదట్లో అయితే తలా ఒక కోడిగుడ్డు. ఒకరోజు ఒక కుర్రాడు రెండోసారి అంబలి అడగడానికి సిగ్గుపడి, "అమ్మగారండి, గిన్నె కడిగేస్తానండి" అన్నాడు. ఆవిడకు అర్థమైంది. గిన్నె నింపి ఇచ్చి, "తాగి కడుగు" అంది.

ఆటల ఫీజులో ఈ తిండికి పద్దు లేదు. అది మా జీతంలోంచి వెళ్లేది. జీతంలో తగ్గింది ఎవరి కంచంలో తగ్గేదో నేను చూడలేదు. అందరూ వెళ్లాక ఆవిడ గిన్నె అడుగున మిగిలినది, లేకపోతే రాత్రి తరవాణి, ఊరగాయ ముక్క. ఆకలి చావడానికి రెండు మూడుసార్లు టీ. ఇలా పదిహేనేళ్లు.

1986 నవంబరు

నాకు ఒక నోటుబుక్కు ఉండేది. జట్టులో ప్రతి పిల్లవాడి ఎత్తు, బరువు, పరుగుకు ముందు నాడి, తర్వాత నాడి, ఎన్ని నిమిషాలకు మామూలుకు వచ్చింది, అన్నీ రాసేవాణ్ణి. ఒక కుర్రాడి ముఖం చూసి 'నువ్వు ఈ వేళ ఏమీ తినలేదురా' అని చెప్పగలిగేవాణ్ణి. ఇది గొప్పకు రాయడం లేదు. ముందు జరిగింది అర్థం కావాలని రాస్తున్నాను.

1986 నవంబరులో జోనల్ పోటీలు. అప్పటికి మా అమ్మాయి తొమ్మిదో తరగతి. లాంగ్‌జంపులో మా బడి నుంచి ఎంపికైంది. ఆడపిల్లల జట్టుతో మా సహోద్యోగిని ఒకావిడ వస్తున్నారు. తెల్లవారుజామున అయిదున్నరకు బస్సు. పిల్లలు అంబలి తాగి వీధిలో వరసగా నిలబడ్డారు. నేను విజిలు మెడలో వేసుకుంటున్నాను. వంటింట్లో గిన్నె పడిన చప్పుడైంది. వెళ్లి చూస్తే ఆవిడ పొయ్యి దగ్గర నేలమీద పడి ఉంది.

నీళ్లు చల్లితే లేచి కూర్చుంది. "కళ్లు తిరిగాయండీ, అంతే. పొగకి. మీరెళ్లండి, బస్సు పోతుంది" అంది. ముఖం సున్నం కొట్టినట్టుంది. పెదవుల్లో రంగు లేదు. అదే ముఖం మైదానంలో ఒక పిల్లవాడికి కనబడితే వాణ్ణి ఆ పూట ఆడనిచ్చేవాణ్ణి కాను.

గుమ్మంలో మా అమ్మాయి కాన్వాసు బూట్లు వేసుకుని నిలబడి ఉంది. వాళ్లమ్మను చూసింది. నన్ను చూసింది. కింద కూర్చుని బూట్లు విప్పేసింది. నేను విప్పమనలేదు. విప్పొద్దనీ అనలేదు. పదకొండేళ్ల తమ్ముణ్ణి లేపి నీళ్లు తెమ్మని, తను పొయ్యి ముందు కూర్చుంది.

నేను బస్సెక్కాను.

మూడు రోజుల పోటీలు. వాలీబాల్‌లో మా బడి గెలిచింది. మూడో రోజు సాయంత్రం కప్పుతో వీధిలోకి వచ్చేసరికి మా ఇంటికి తాళం. పొరుగింటావిడ మా అబ్బాయి చెయ్యి పట్టుకుని బయటికి వచ్చి, "పట్నం ఆస్పత్రికి తీసుకెళ్లారు మేష్టారండీ, నిన్ననే" అంది.

కప్పు ఆవిడ చేతికే ఇచ్చి వెళ్లాను. ఆస్పత్రిలో మా అమ్మాయి మంచం పక్క స్టూలు మీద టిఫిను క్యారియరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లాంగ్‌జంపులో ఎవరు గెలిచారని అడిగింది. చెప్పాను. తలూపింది.

డాక్టరు గారు మా ఆవిడ కింది కనురెప్ప లాగి చూపించారు. ఎర్రగా ఉండవలసిన చోటు కాగితంలాగ ఉంది. ఆడవారికి రక్తంలో హిమోగ్లోబిన్ పన్నెండు గ్రాములకు తగ్గకూడదట. ఆవిడకు అయిదున్నర. ఎన్నాళ్ల నుంచి ఆయాసమని అడిగితే, "ఏడాది బట్టీ ఉందండి, నుయ్యి తోడినప్పుడు" అంది. ఆయన నా వైపు తిరిగి, "మీరేం చేస్తూంటారు?" అన్నారు. వ్యాయామోపాధ్యాయుణ్ణని చెప్పాను. ఆయన ఇంకేమీ అనలేదు. చీటీ రాస్తూ ఉండిపోయారు. ఏదైనా అని ఉంటే బాగుండేది.

రెండు సీసాల రక్తం కావలసి వచ్చింది. నాది సరిపడలేదు. కబురు తెలిసి నా పాత విద్యార్థులు ఇద్దరు వచ్చి ఇచ్చారు. ఒకడు లారీ డ్రైవరు, ఇంకొకడు కానిస్టేబులు. 'గిన్నె కడిగేస్తానండి' అన్నవాడే ఆ కానిస్టేబులు.

ఆ కప్పు ఇప్పటికీ మా బడి హెడ్మాష్టరు గారి గది బీరువాలో ఉంది. దాని మీద తేదీ చెక్కి ఉంది.

ఆ తర్వాత

ఆవిడ కోలుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. డాక్టరు గారు చెప్పినవి నోటుబుక్కులో రాసుకున్నాను. పిల్లల పేర్లు లేని మొదటి పేజీ అదే. ఐరన్ మాత్ర టీతో గాని, టీ తాగిన వెంటనే గాని వేసుకోకూడదు. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ, ఉసిరి, జామ లాంటి పుల్లటివి తింటే బాగా పడుతుంది. చెప్పుల్లేకుండా పెరట్లో, పొలంలో తిరిగేవారికి కొంకి పురుగులు పాదాల్లోంచి ఎక్కి పేగుల్లో చేరి రక్తం తాగుతాయి. కాబట్టి పురుగుల మందు, కాలికి చెప్పులు, మరుగుదొడ్డి, ఈ మూడూ రక్తహీనతకు మందులే. గర్భిణులకూ, చిన్నపిల్లలకూ ఐరన్ మాత్రలిచ్చే కార్యక్రమం మన దేశంలో 1970 నుంచే ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మా బడికి అరమైలు దూరం. పదహారేళ్లపాటు ఆ గుమ్మం ఎదురుగా పిల్లల్ని పరిగెత్తించాను గాని లోపలికి వెళ్లి అడగలేదు.

ఆ మరుసటి ఏడు అడిగాను. జులైలో బడి కుదుటపడగానే ఆడపిల్లలందరి కనురెప్పలూ, గోళ్లూ నర్సమ్మగారు చూసే ఏర్పాటు చేశాం. వరసలో నిలబడితే కళ్లు తిరిగి పడిపోయే పిల్లల్ని మేము అంతవరకూ 'నాజూకు పిల్లలు' అనేవాళ్లం. వాళ్లలో చాలామంది పొద్దున్న ఏమీ తినకుండా వస్తున్నారని, నెలసరి రోజుల్లో కూడా చెప్పుకోలేక పరిగెడుతున్నారని అప్పుడు తెలిసింది. ప్రార్థన వేళ ఎండలో నిలబెట్టే కాలం తగ్గించమని హెడ్మాష్టరు గారిని ఒప్పించాను.

టోర్నమెంటు తిండి కూడా మా ఇంటి నుంచి తప్పించాను. జట్టు పిల్లల తల్లిదండ్రులను పిలిచి వంతులు వేశాం. మొదట మొహమాటపడ్డారు గాని తర్వాత పోటీపడ్డారు. ఒక వంతు మాది. ఆ రోజు ముందు ఆవిడ తిన్నాకే పిల్లలకు వడ్డన అని నేను నియమం పెడితే, ఆవిడ నెలరోజులు నవ్వింది. 2003 జనవరిలో ప్రాథమిక పాఠశాలల్లో వండిన మధ్యాహ్న భోజనం మొదలైనప్పుడు మా స్టాఫు రూములో లెక్కల గురించీ, బియ్యం గురించీ చాలా వాదోపవాదాలు జరిగాయి. నేను ఏమీ మాట్లాడలేదు. తిన్న పిల్లవాడికీ తినని పిల్లవాడికీ నాడిలో తేడా ఎంతో నా నోటుబుక్కులో ఉంది.

మా అమ్మాయి మళ్లీ లాంగ్‌జంపుకు రాలేదు. అడిగితే, "పదో తరగతి గదా నాన్నా" అంది. డిగ్రీ చదివి బ్యాంకులో గుమస్తాగా చేరింది. 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో మా శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారత మహిళ. ఆమదాలవలస పక్కన ఊసవానిపేట నుంచి వచ్చిన పిల్ల. బడిలో మిఠాయిలు పంచాం. ఆ రాత్రి మా అమ్మాయి ఫోను చేసింది. "చూశావా నాన్నా?" అంది. "చూశానమ్మా" అన్నాను. ఇద్దరం కాసేపు ఊరుకున్నాం. తర్వాత, "అమ్మ మాత్ర వేసుకుందా?" అని అడిగింది.

రిటైరయిన కాళ్లు

2004లో రిటైరయ్యాను. మనలో చాలామంది కుర్చీలోంచి లేచి ఇంటికి వచ్చినవారు. నేను మైదానంలోంచి వచ్చి కుర్చీలో కూర్చున్నవాణ్ణి. పరుగు మానేశాను గాని పరిగెత్తేవాడి తిండి మానలేదు. 2006లో చక్కెర వ్యాధి బయటపడింది. వ్యాయామ మేష్టారుకు షుగరేమిటని అందరూ నవ్వారు. ఒంటికి నిన్నటి వ్యాయామం నేటికి పనికిరాదని పిల్లలకు చెప్పిన పాఠమే నాకు తప్పింది.

2012లో మా పాత బడి క్రీడోత్సవానికి పిలిచారు. ఉత్సాహం కొద్దీ చెప్పులు విడిచి ట్రాకు మీద నడిచాను. ఏదో గుచ్చుకుంది. నాకు తెలియలేదు. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గిందని అప్పటికి గమనించుకోలేదు. ఇంటికి వచ్చాక నేలమీద చిన్న రక్తపు మరక చూసి మా ఇంటావిడే పట్టుకుంది. నొప్పి లేదు, ఏమీ కాదన్నాను. "నేనూ ఆ రోజు పొగకి అనే అన్నాను" అంది. అరగంటలో ఆటో ఎక్కించింది. నెలన్నర కట్లతో పుండు మానింది. ఇంకో వారం ఆలస్యమైతే వేళ్లు తీసేయవలసి వచ్చేదని డాక్టరు అన్నారు.

కోడి రామమూర్తి గారి కథలో మా నాన్నగారు నవ్వకుండా చెప్పే భాగం ఒకటుండేది. గొలుసులు తెంపిన ఆ భీముడికి చివరి రోజుల్లో కాలి మీద పుండు లేచి కాలే తీసేయవలసి వచ్చిందని పెద్దలు చెప్పేవారు. 1942లో ఒరిస్సా ప్రాంతంలో ఆయన కన్నుమూశారు. ఏనుగును మోసిన ఒంటికి కూడా పాదం దగ్గర కాపలా కావాలి. చిన్నప్పుడు ఈ భాగం నాకు పట్టలేదు. కట్టు కట్టించుకున్న నెలన్నరా అదే గుర్తొచ్చింది.

రహీం సాబు గారి కథ కూడా ఇప్పుడు వేరుగా గుర్తొస్తుంది. జబ్బుతో జట్టును నడిపించినవారిని తలచుకుని చేతులు జోడించవలసిందే. కాని ఆ రోజుల్లో ఆయన ఇంట్లో ఎవరు అన్నం వండారో, ఎవరు మందు ఇచ్చారో, ఎవరు రాత్రి మేలుకుని దగ్గు విన్నారో మా హాస్టలు కబుర్లలో ఒక్కరోజూ రాలేదు. ఆయన తమ ప్రాణాన్ని పణం పెట్టారు. నేను పణం పెట్టినది నాది కాదు.

షుగరున్న మన సభ్యులకు నా అనుభవం మీద ఒక మనవి. రోజూ రాత్రి పాదాలు, వేళ్ల సందులు, మడమలు చూసుకోండి. కనబడకపోతే అద్దం పెట్టుకోండి, లేదా ఇంట్లోవారిని చూడమనండి. గుడిలో, ఇంట్లో తప్ప వట్టికాళ్లతో నడవకండి. ఇంట్లోనూ మెత్తని చెప్పులు మేలు. చెప్పు వేసుకునే ముందు దులపండి. ఆనికాయలు బ్లేడుతో కోసుకోకండి. భోజనం తర్వాత పది పదిహేను నిమిషాలు నడవండి. నొప్పి లేని పుండే ఎక్కువ ప్రమాదం. మరొకటి, మీ గురించి కాక మీ ఇంట్లోవారి గురించి. ఆవిడ రక్తపరీక్ష చేయించుకుని ఎన్నాళ్లయిందో ఈ సంచిక మూసేలోగా కనుక్కోండి.

ఇప్పుడు మా ఇంట్లో రోజూ రాత్రి ఎనిమిదింటికి డ్రిల్లు. ఆవిడ టార్చిలైటు పట్టుకుని కూర్చుంటుంది. నేను కాళ్లు చాపుతాను. ముందు కుడి, తర్వాత ఎడమ. అరికాలు, మడమ, వేళ్ల సందులు. నా పాత నోటుబుక్కులో మిగిలిన పేజీల్లో తారీఖు వేసి 'బాగుంది' అని ఆవిడే రాస్తుంది. తర్వాత ఆవిడ మాత్రలు నేను లెక్కపెట్టి ఇస్తాను.

ఇది రాయడం అయ్యాక మళ్లీ చదివి వినిపించాను. 1986 నవంబరు దగ్గర ఆపి, "అమ్మాయి బూట్లు తెల్లవి కావండీ, నీలం" అంది. నేను రంగు రాయలేదని చెప్పాను. "అయితే రాయండి" అంది.

నీలం రంగు బూట్లు.

— ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు